నిమిషానికి 174 దరువులు

వేగంగా పరుగెత్తే ఎలక్ట్రానిక్ సంగీతం అలవాటైనవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు: "దీనికి ఏ హెడ్‌ఫోన్ కొనాలి? ఆంప్ కూడా కావాలా?" షాపులో వచ్చే జవాబులో ఒక మాట తరచూ వినబడుతుంది: "ఇది ఫాస్ట్ హెడ్‌ఫోన్ సార్, అది కాస్త స్లో." పాట వేగంగా ఉంది కాబట్టి హెడ్‌ఫోన్ కూడా అంత వేగంగా కదలాలి, దాన్ని కదిలించడానికి బలమైన ఆంప్ (యాంప్లిఫైయర్) ఉండాలి అనుకోవడం సహజమే. కానీ ఆ వేగం అసలు ఎక్కడుంటుందో మెట్టుమెట్టుగా వెతికితే జవాబు వేరుగా వస్తుంది. దాంతోపాటు డబ్బు పెట్టాల్సిన చోటు కూడా మారుతుంది.

దరువుకూ దరువుకూ మధ్య

ముందు ఆ సంగీతం ఎంత వేగమో చూద్దాం. 1969లో వాషింగ్టన్ నగరానికి చెందిన ద విన్‌స్టన్స్ అనే బృందం 'అమెన్, బ్రదర్' అనే పాటను రికార్డు చేసింది. అందులో ఒకచోట మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే సుమారు ఏడు సెకన్లు వాయిస్తాడు. 1990ల తొలి ఏళ్లలో లండన్ యువకులు ఆ ఏడు సెకన్లను శాంప్లర్‌లోకి ఎక్కించి, వేగం పెంచి, తునకలుగా కోసి, వరస మార్చి మళ్లీ అతికించారు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాలు లండన్‌కు తెచ్చిన సౌండ్ సిస్టమ్‌ల లోతైన బేస్‌ను దానికింద పరిచారు. అలా పుట్టింది జంగిల్. దాని కొనసాగింపైన డ్రమ్ అండ్ బేస్ ఇప్పుడు ఎక్కువగా నిమిషానికి 174 దరువుల దగ్గర నడుస్తోంది. అదే కాలంలో రోటర్‌డామ్‌లో గాబర్ అనే శైలి ఇంకా మొరటుగా, మరింత వేగంగా పరుగెత్తింది. మన దేశంలో గోవాలోని అంజునా తీరంలో వెన్నెల రాత్రుల పార్టీల నుంచి గోవా ట్రాన్స్, దాన్నుంచి సైట్రాన్స్ వచ్చాయి. సైట్రాన్స్ సాధారణంగా 140 నుంచి 150 మధ్య ఉంటుంది.

నిమిషానికి 174 అంటే ఒక దరువుకూ మరో దరువుకూ మధ్య 345 మిల్లీసెకన్లు, అంటే సెకనులో మూడో వంతు. డ్రమ్మర్లు ఆ దూరాన్ని మళ్లీ నాలుగు భాగాలు చేస్తారు. అప్పుడు ఒక్కో భాగానికి దక్కేది 86 మిల్లీసెకన్లు. కోల్‌మన్ వాయింపులో పెద్ద దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ మీద పడే మెత్తని చిన్న దెబ్బలున్నాయి చూశారూ, అవన్నీ ఆ ఇరుకు సందుల్లోనే ఇమడాలి. ఆ చిన్న దెబ్బలు వినిపిస్తేనే దరువు పరుగెడుతున్నట్టు ఉంటుంది. అవి మాయమైతే మిగిలేది పెద్ద దెబ్బల మోత ఒక్కటే.

సైట్రాన్స్‌ది ఇంకో ఇరుకు. దరువు పడిన క్షణాన కిక్ డ్రమ్, ఆ వెంటనే మిగిలిన మూడు భాగాల్లో మూడు బేస్ స్వరాలు: ఈ వరస పాట పొడవునా ఆగదు. 145 వేగంలో ఒక్కో స్వరానికి 103 మిల్లీసెకన్లు. నాలుగూ విడివిడిగా వినిపిస్తే గుర్రం దౌడు. కలిసిపోతే ఒకటే రొద.

పల్చటి పొర వెనకబడుతుందా?

హెడ్‌ఫోన్ లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి అతికించిన సన్నని తీగచుట్ట అయస్కాంతం మధ్యలో వేలాడుతుంది. తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారినప్పుడల్లా పొర ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెడుతుంది. దీన్ని ధ్వనిపొర అందాం.

ఈ ధ్వనిపొర డ్రమ్ అండ్ బేస్ వేగాన్ని అందుకోలేక వెనకబడుతుందా? పాటలో హై-హ్యాట్ తాళాల చిరుసవ్వడి 10,000 హెర్ట్జ్ పైదాకా సాగుతుంది. 15,000 హెర్ట్జ్ ధ్వనిని వినిపించగలిగే పొర సెకనుకు 15,000 సార్లు ఊగుతున్నట్టు. దరువుకూ దరువుకూ మధ్య ఉన్న ఆ 345 మిల్లీసెకన్లలో అది ఐదు వేలకు పైగా ఊపులు ఊగగలదు. పాట వేగం దానికి లెక్కలోనిదే కాదు. చవక ఇయర్‌ఫోన్ కూడా గాబర్ వేగాన్ని సులువుగా అందుకుంటుంది.

మరి "స్లో బేస్" అని చెవికి తోచేదంతా భ్రమేనా? కాదు. చెవికి తోచింది నిజమే, దానికి చెప్పుకునే కారణమే తప్పు.

బేస్ స్వభావాన్నే ముందు చూడాలి. డ్రమ్ అండ్ బేస్‌లో అడుగున సాగే బేస్ తరచూ 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 44 హెర్ట్జ్ స్వరం ఒక్క అల పూర్తి చేయడానికి దాదాపు 23 మిల్లీసెకన్లు పడుతుంది. మనకున్న 86 మిల్లీసెకన్ల సందులో అలాంటివి నాలుగు అలలు కూడా పట్టవు. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టుకున్నా 44 హెర్ట్జ్ స్వరం అంతకంటే తొందరగా "రాదు". అది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, సంగీతకారులకూ తెలిసిన హద్దు. అందుకే వాళ్లు కిక్ డ్రమ్ మొదట్లో 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఒక చిన్న 'టక్' జోడిస్తారు. దెబ్బ ఎప్పుడు పడిందో చెవికి చెప్పేది ఆ టక్. ఎంత బరువుగా పడిందో చెప్పేది దానికిందున్న బేస్. ఆ టక్ ఉండే ప్రాంతంలో హెడ్‌ఫోన్ బలహీనంగా ఉంటే కిక్ మొద్దుబారినట్టు ఉంటుంది. వినేవాళ్లు నింద బేస్ మీద వేస్తారు, లోపం మాత్రం పైనెక్కడో ఉంటుంది.

కప్పేసేది ఎవరు?

ఇక అసలు దోషి సంగతి. ఒక పెద్ద శబ్దం మరో చిన్న శబ్దాన్ని వినబడకుండా చేయడాన్ని కప్పివేత అందాం. ఇంజనీర్లు మాస్కింగ్ అంటారు. దీనికి రెండు గుణాలున్నాయి. మొదటిది: మంద్ర ధ్వనులు తమకంటే పై ధ్వనులను సులువుగా కప్పుతాయి, పై ధ్వనులు కింది ధ్వనులను అంతగా కప్పలేవు. రెండోది: పెద్ద శబ్దం ఆగిపోయాక కూడా చెవి వెంటనే తేరుకోదు. సుమారు 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా చిన్న శబ్దాలను పట్టడం దానికి కష్టం, ముఖ్యంగా మొదటి కొన్ని పదుల మిల్లీసెకన్లలో.

ఈ అంకెను 86 పక్కన పెట్టి చూడండి. ఒక పెద్ద కిక్ నుంచి చెవి తేరుకునేలోపే దాని తర్వాతి చిన్న దెబ్బ వచ్చి వెళ్లిపోతోంది! నిదానమైన పాటలో చెవికి దొరికే తీరిక ఇక్కడ లేదు. అందుకే, మెలోడీ పాటల్లో "వెచ్చగా, నిండుగా" అనిపించిన హెడ్‌ఫోనే జంగిల్ దగ్గర ముద్దకట్టినట్టు అవుతుంది. హెడ్‌ఫోన్ మారలేదు. చెవికి దొరికే ఖాళీ సమయం తగ్గింది.

కప్పివేతకు ఎక్కువగా సాయం చేసేది 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉండే అదనపు ఉబ్బు. చాలా హెడ్‌ఫోన్లు "బేస్ బాగుంది" అనిపించుకోవడానికి సరిగ్గా ఇక్కడే పొంగుతాయి. స్నేర్ డ్రమ్ దెబ్బలోని బరువు 200 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి, ఆ పొంగు నేరుగా దాని మీదే పడుతుంది. 60 హెర్ట్జ్ కింద బలంగా ఉండి, 100 నుంచి 250 మధ్య అదుపులో ఉన్న హెడ్‌ఫోన్‌ను మన చెవి "ఫాస్ట్" అంటుంది. ఈ అధ్యాయంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

"మోత ఆగకుండా సాగడం వేరు, బిగ్గరగా ఉండడం వేరు కదా?" అని సందేహం రావచ్చు. హెడ్‌ఫోన్లలో ఈ రెండూ దాదాపుగా ముడిపడే ఉంటాయి. ఒక పౌనఃపున్యం (ఇన్ని హెర్ట్జ్ అనే లెక్క) దగ్గర పొర ఎక్కువసేపు ఊగుతూ ఉంటే అదే పౌనఃపున్యం దగ్గర అది బిగ్గరగానూ ఉంటుంది. కాబట్టి ఒక్కో పౌనఃపున్యాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో అక్కడి మోతను తగ్గిస్తే సాగుడు కూడా తగ్గుతుంది. ఉన్న హెడ్‌ఫోన్‌ను మార్చేముందు 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్‌లు తగ్గించి ఒక వారం వినండి. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని చక్కగా చేస్తుంది. కొత్తది కొనాలన్న ఆత్రం అక్కడితో తగ్గినా ఆశ్చర్యం లేదు.

పాట ఫైలు కూడా ఒకసారి చూసుకోవాలి. ఎంపీ3 పద్ధతి ధ్వనిని సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కుదిస్తుంది. 128 కిలోబిట్‌ల వంటి తక్కువ నాణ్యతలో, పదునైన దెబ్బ తాలూకు మసక ఆ దెబ్బకు ముందే వినబడుతుంది. అలాంటి ఫైలును ఏ హెడ్‌ఫోనూ బాగుచేయలేదు.

తలకు అమరాలి

హెడ్‌ఫోన్‌లో బేస్‌ను నిర్ణయించే వాటిలో అందరూ చిన్నచూపు చూసేది చెవి చుట్టూ ఉండే మెత్త. మూసిన తరహా హెడ్‌ఫోన్‌లో ధ్వనిపొరకూ చెవికీ మధ్య చిన్న గాలి గది ఏర్పడుతుంది. పొర ముందుకు వస్తే ఆ గదిలో ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి వెళ్తే తగ్గుతుంది. చెవి దాన్నే బేస్‌గా వింటుంది. కళ్లజోడు కాడ కింద సన్నని సందు మిగిలినా, దట్టమైన జుట్టు అడ్డం వచ్చినా ఆ ఒత్తిడి బయటికి జారిపోతుంది. అందులోనూ ముందుగా పోయేది అట్టడుగు బేస్, అంటే ఈ సంగీతానికి ప్రాణమైన భాగం. అప్పుడు 150 హెర్ట్జ్ దగ్గరి ఉబ్బు మాత్రం మిగిలిపోయి ఇంకా ముతకగా ఉంటుంది. ఒకే మోడల్‌ను ఒకరు ఆకాశానికెత్తి, ఇంకొకరు తిట్టడానికి చాలాసార్లు ఇదే కారణం. కళ్లజోడు ఉన్నవాళ్లు దాంతోనే షాపుకు వెళ్లి, దాంతోనే విని చూడాలి. వింటూ మెత్తలను రెండు చేతులతో నెమ్మదిగా చెవులకేసి నొక్కండి. బేస్ ఒక్కసారిగా మారిపోతే ఆ హెడ్‌ఫోన్ మీ తలకు అమరలేదన్నమాట. మెత్తలు చెమటకు, వాడకానికి పెచ్చులూడి గట్టిపడతాయి. మన వేసవుల్లో ఇంకా తొందరగా. విడిగా మెత్తలు దొరికే మోడల్ కొనడం తెలివైన పని. చెవిలోకి దూర్చే రకానికైతే రబ్బరు తొడుగు సైజు ఇదే పని చేస్తుంది. రెండు చెవులకు రెండు సైజులు కావలసి రావడం మామూలే.

మూసినదా, తెరిచినదా? 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 నుంచి వెనక భాగం తెరిచి ఉంచిన హెడ్‌ఫోన్ల వరస మొదలైంది. ధ్వని గదిలో పరుచుకున్నట్టు, విశాలంగా వినిపించడం వాటి గొప్ప. కానీ తీగచుట్ట ఉన్న తెరిచిన రకాల్లో అట్టడుగు బేస్ సాధారణంగా జారిపోతుంది. 1997 నాటి హెచ్‌డీ 600 గొంతులకు, వయొలిన్‌కు ఇప్పటికీ అద్భుతమే, 45 హెర్ట్జ్ బేస్‌కు మాత్రం కాదు. బస్సులో, హాస్టల్లో, ఫ్యాన్ గరగరలాడే గదిలో వినేవాళ్లకు మూసినదే మేలు. 1988లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 25ను డీజేలు ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం, అది చెవిని గట్టిగా పట్టుకుని బయటి హోరును ఆపడమే. చాలాసేపు పెట్టుకుంటే చెవి నొప్పెడుతుంది, అది వేరే సంగతి.

ప్లేనార్ రకం అని ఇంకొకటుంది. అందులో తీగచుట్ట ఉండదు. పల్చటి పొర మీదే తీగలు అచ్చుపోసి, ఇరువైపులా లేదా ఒకవైపు అయస్కాంతాలు పెడతారు. "ఇవి ఫాస్ట్" అని ఎక్కువగా ప్రచారమయ్యేవి ఇవే. అసలు గుణం ఏమిటంటే, మెత్త బాగా అమరితే బేస్ 20 హెర్ట్జ్ దాకా జారకుండా సమంగా నిలుస్తుంది, పైన ఉబ్బు ఉండదు. కిందటి భాగంలో చెప్పిన లక్షణం ఇదే కదా! బడ్జెట్ ఉండి, నిశ్శబ్దమైన గది ఉంటే సైట్రాన్స్‌కు నా ఓటు ప్లేనార్‌కే.

పై పౌనఃపున్యాల్లోనూ ఒక జాగ్రత్త ఉంది. 8,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువ పదును ఉన్న హెడ్‌ఫోన్ షాపులో ఐదు నిమిషాలు వింటే స్పష్టంగా, మెరుపుగా ఉంటుంది. ఈ సంగీతంలో హై-హ్యాట్ ఆగదు. అరగంట గడిచేసరికి ఆ మెరుపే సూదిలా గుచ్చుతుంది.

కొనేముందు వినడానికి పాటలేవి? ముందు 'అమెన్' డ్రమ్స్ వాడిన ఏ జంగిల్ పాటయినా సరే. బేస్ వచ్చి చేరిన తర్వాత కూడా స్నేర్ చిన్న దెబ్బలు వినిపిస్తున్నాయా అని చూడండి. రెండోది, 1998 నాటి తల్విన్ సింగ్ ఆల్బమ్ 'ఓకే'. అది మరుసటి ఏడాది బ్రిటన్‌లో మెర్క్యురీ బహుమతి గెలిచింది. అందులో తబలా, డ్రమ్ అండ్ బేస్ కలిసి నడుస్తాయి. అసలు స్నేర్ డ్రమ్‌ను దగ్గరగా విననివాళ్లు మనలో చాలామంది, తబలా మాత్రం చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నదే. డగ్గా మీద మణికట్టు జరిపినప్పుడు స్వరం వంగే తీరు సహజంగా ఉందో లేదో మన చెవే తీర్పు చెప్పగలదు.

ఆంప్ చేసేవి రెండే పనులు

ఆంప్ మొదటి పని, కావలసినంత వోల్టేజి ఇవ్వడం. ఎంత కావాలో లెక్క కష్టమేమీ కాదు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే మూసిన హెడ్‌ఫోన్‌లో 250 ఓమ్‌ల రకం ఉంది (హెడ్‌ఫోన్ కరెంటుకు పెట్టే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు). ఒక మిల్లీవాట్ ఇస్తే అది 96 డెసిబెల్ ధ్వని ఇస్తుందని తయారీదారు చెబుతాడు. ఫోనుకు తగిలించే చిన్న యూఎస్‌బీ-సీ అడాప్టర్ ఒక వోల్టు ఇచ్చిందనుకుందాం. 250 ఓమ్‌ల మీద అది 4 మిల్లీవాట్లు. శక్తి రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్ కలుస్తుంది: 2 మిల్లీవాట్లకు 99, నాలుగుకు 102. ఇది దెబ్బ శిఖరం. నేటి ఎలక్ట్రానిక్ పాటల్లో సగటు స్థాయి శిఖరానికి సుమారు 10 డెసిబెల్ కిందే ఉంటుంది కాబట్టి, మోత 92 దగ్గర తేలుతుంది. అది రోజూ వినదగ్గ మోత కాదు, అంతకంటే ఎక్కువ. అంటే, "ఆంప్ లేకుండా పనికిరాదు" అని అందరూ చెప్పే 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కూడా చిన్న అడాప్టర్‌తో సరిపడా మోగుతోంది. 32 ఓమ్‌ల రకం సంగతి చెప్పనక్కర్లేదు.

నిజంగా ఎక్కువ వోల్టేజి అవసరమయ్యే సందర్భం వేరే ఉంది. ఈక్వలైజర్‌లో అట్టడుగు బేస్‌ను 6 డెసిబెల్ పెంచారనుకోండి. ఈ సంగీతంలో అలలన్నిటిలోకీ పెద్దవి బేస్‌వే. అవి విరిగి గరగరలాడకుండా ఉండాలంటే మొత్తం స్థాయిని ముందే 6 డెసిబెల్ తగ్గించాలి. పోయిన ఆ స్థాయిని తిరిగి రాబట్టాలంటే రెట్టింపు వోల్టేజి, నాలుగు రెట్ల శక్తి కావాలి. తెరిచిన 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లు, సున్నితత్వం తక్కువున్న ప్లేనార్‌లు వాడుతూ బేస్ పెంచుకునేవాళ్లకు ఆంప్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

రెండో పని, ధ్వనిపొరను ఆపడం. ఊగే ఉయ్యాలను తోయడం ఒక పని, ఆపడం మరో పని. ఆపాలంటే గొలుసును గట్టిగా పట్టుకోవాలి. పట్టు వదులైతే ఇంకో రెండు ఊపులు ఊగి గానీ నిలవదు. ధ్వనిపొర సహజంగా ఊగాలనుకునే పౌనఃపున్యం ఒకటుంటుంది, తరచూ 50 నుంచి 100 హెర్ట్జ్ ప్రాంతంలో. దెబ్బ అయిపోయాక కూడా అక్కడ అది ఊగుతూ ఉండబోతుంది. అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట తానే చిన్న జనరేటరై కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుకు ఆంప్‌లో సులువైన దారి దొరికితే అది పొర కదలికకు ఎదురునిలిచి, బ్రేకు వేస్తుంది. దారిలో అడ్డు ఎక్కువుంటే బ్రేకు వదులవుతుంది. ఆంప్ లోపలి ఆ అడ్డునే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంటారు, తెలుగులో నిర్గమ అవరోధం. హెడ్‌ఫోన్‌లో ఎక్కువ బ్రేకు లోపలి గాలి, మెత్తటి గుడ్డ, కాగితపు అడ్డాలే వేస్తాయన్నది నిజం. అయినా ఆంప్ వాటా చిన్నదేం కాదు.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూడండి. ఒక హెడ్‌ఫోన్ మామూలుగా 32 ఓమ్‌లు, ఆ ఊగే పౌనఃపున్యం దగ్గర 64 ఓమ్‌లు అనుకుందాం. ఒక ఓమ్ అవరోధమున్న ఆంప్‌తో అక్కడ ధ్వని పెరిగేది డెసిబెల్‌లో ఎనిమిదో వంతు, వినబడనే వినబడదు. 120 ఓమ్‌ల ఆంప్‌తో 4 డెసిబెల్ దాటి పెరుగుతుంది. బేస్ ఉబ్బు అంటే ఇదే. 120 అనే అంకె నేను వెతికి పెట్టుకున్నది కాదు. 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61938 సూచించిన అంకె. పాత స్టీరియో రిసీవర్లలో ఇంతకంటే ఎక్కువ కూడా ఉండేది. నాన్నగారి కాలం నాటి రిసీవర్‌కు కొత్త 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలించి "బేస్ భలే పెరిగింది" అని మురిసిపోయేవాళ్లు, జంగిల్ పెట్టగానే స్నేర్ ఎందుకు మునిగిపోతోందో తెలియక తికమకపడతారు. నిర్గమ అవరోధం హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకుండా ఉంటే చాలు. 32 ఓమ్‌లకైతే 4 లోపు. ప్లేనార్‌లకు ఓమ్‌లు అన్ని పౌనఃపున్యాల్లోనూ దాదాపు ఒకటే కాబట్టి ఈ బెడద లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు ఆంప్ లోపలే ఉంటుంది, విడిగా కొనే ప్రశ్నే రాదు.

ఈ రెండు పనులూ సరిగా చేసే చిన్న ఆంప్‌కూ, దానికి పదింతలు ఖరీదైన ఆంప్‌కూ మధ్య దరువు వేగంలో తేడా వినబడుతుందని నేననుకోను. ఆ డబ్బు హెడ్‌ఫోన్‌కు కలపండి.

చెవికి ఇచ్చే గంటలు

మనిషి చెవి తక్కువ మోతలో బేస్‌ను సరిగా పట్టలేదు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతిని కొలిచి చూపారు. శబ్దం పెంచేకొద్దీ బేస్ మిగతా ధ్వనులకంటే వేగంగా పెరిగినట్టు వినబడుతుంది. క్లబ్బులో బేస్ ఛాతీకి తగిలి ఒళ్లంతా అదురుతుంది, హెడ్‌ఫోన్‌లో ఆ అదురు ఉండదు. ఈ రెండు కారణాల వల్ల డ్రమ్ అండ్ బేస్ అభిమాని చెయ్యి తెలియకుండానే వాల్యూమ్ మీదికి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే హద్దు, వారానికి 40 గంటలు 80 డెసిబెల్. 3 డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. మనం లెక్కగట్టిన 92కు వారమంతటికీ దక్కేది రెండున్నర గంటలే. డీజే సెట్లు రెండేసి గంటలు సాగే సంగీతం ఇది.

అందుకే వాల్యూమ్ తగ్గించి, 80 హెర్ట్జ్ కింద మాత్రమే ఈక్వలైజర్‌తో 4 నుంచి 6 డెసిబెల్ పెంచి వినమంటాను. 100 పైన తాకొద్దు. చెవి నిబ్బరంగా ఉంటుంది, కప్పివేత తగ్గుతుంది, కోల్‌మన్ చిన్న దెబ్బలు బయటపడతాయి. విన్నాక చెవుల్లో హోరు మిగిలితే ఆ స్థాయి ఎక్కువైనట్టే, మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.